ఎడమకు తిరిగిన నత్తలు

ఆమెను మ్యూజియంలో అందరూ నత్తలక్క అనేవాళ్ళు. మొదట్లో ఎవరో వెటకారానికి అన్న మాట అది. కాలం గడిచేకొద్దీ వెటకారం పోయి పేరు మిగిలింది. ఇరవై నాలుగేళ్ళ వయసులో నేల తుడిచే పనికి చేరిన మనిషి. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళుగా మెట్ల కింద ఉన్న చిన్న గదిలో, గాజు తలుపుల అల్మారాలో బతికే నత్తలను చూసుకోవడమే ఆమె ఉద్యోగం.

చిటికెన వేలి గోరంత నత్తలవి. తేనెరంగు గుల్ల, దాని చుట్టూ సన్నటి గోధుమరంగు చార. నత్త గుల్ల మామూలుగా కుడివైపుకు చుట్టుకుంటుంది. వీటిది ఎడమవైపుకు. ఊరికి రెండు గంటల దూరంలో ఒకే ఒక్క కొండ మీద, చెట్ల ఆకుల అడుగున ఉండేవి. ఆ కొండను రాళ్ళ కోసం సగం తొలిచేశారు. మిగిలిన సగంలో ఊటలు ఎండి, నీడ పోయింది. నత్తల మీద పరిశోధన చేసే పెద్ద మేడం చివరిసారి ఆ కొండంతా మూడు రోజులు గాలించి, తొమ్మిదింటిని మూత డబ్బాలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా దొరికినవి ఖాళీ గుల్లలే.

ఆ డబ్బా చేతికిచ్చిన రోజు మేడం చెప్పిన మాట ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఇవి పోతే ఇంకెక్కడా ఉండవమ్మా."

"ఎక్కడా అంటే, ఈ చుట్టుపక్కలా మేడం?"

"ఎక్కడా అంటే ఎక్కడా."

ఇంట్లోవాళ్ళకు ఈ ఉద్యోగం ఏమిటో చెప్పడానికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. "వీటిలో ఆడా మగా వేరుగా ఉండవు అత్తయ్యా, రెండూ ఒక్కదాంట్లోనే" అంటే అత్తగారు చేస్తున్న పని ఆపి, "అయితే మొగుడూ పెళ్ళాల గొడవే లేదన్నమాట. హాయి" అంది. భర్త బస్సు డిపోలో మెకానిక్. "నేనేమో పొద్దస్తమానం ఇంజన్లతో కుస్తీ పడతాను. నువ్వేమో నత్తలకు కాపలా కాస్తావు. పరిగెత్తి పారిపోతాయనా?" అని ఏడిపించేవాడు.

పని మాత్రం అంత తేలిక కాదు. అల్మారాలో వేడి రెండు గీతలు పెరిగినా, తేమ కాస్త తగ్గినా నత్తలు గుల్ల లోపలికి ముడుచుకుపోయి తిండి మానేస్తాయి. ఇవి ఆకును కొరకవు. ముదురు ఆకు మీద పట్టే సన్నటి బూజుపొరను నాలుకతో గీరుకు తింటాయి. ఆ పొర లేతగా ఉండాలి, దుమ్ము ఉండకూడదు. ఒక్కో ఆకునూ భూతద్దం కింద పెట్టి చూసి వేయాలి. ఒక నత్త ఒక కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది. ఆవగింజంత పిల్ల పెద్దదవడానికి రెండేళ్ళు. అలా తొమ్మిదింటి నుంచి ఇరవై రెండేళ్ళకు నలభై ఏడు పెద్దవి, ఆరు పిల్లలు అయ్యాయి. పెద్దవన్నీ నాలుగు డబ్బాల్లో, పిల్లలు విడిగా ఇంకో డబ్బాలో. పెద్దవాటి గుల్లల మీద అంకె రాసిన చుక్కంత కాగితం అంటించి ఉంటుంది. అది చూడకుండానే ఏది ఏదో ఆమె చెప్పగలదు.

మూడు నెలల కింద మ్యూజియం ఆవరణలో చెట్లు కరెంటు తీగలకు తగులుతున్నాయని కొమ్మలన్నీ కొట్టేశారు. చెట్టుకు మిగిలినవి లేతాకులు. వాటి మీద బూజు పట్టదు. ఆమె ఇంటి పెరట్లో పాత జామచెట్టు ఒకటుంది. ఆ ఆకులు నాలుగు తెచ్చి చూపిస్తే మేడం మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. "బంగారంలా ఉన్నాయి. ఇవే తీసుకురా" అంది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే సంచెడు జామాకులు కోసుకుని డ్యూటీకి వెళ్ళడం అలవాటైంది. నత్తలు ఎగబడి తిన్నాయి. నత్తలు ఎగబడటమంటే, అరగంటలో జానెడు దూరం నడవడం.

ఆ మంగళవారం పొద్దున్న గది తాళం తీసి, ఎప్పటిలాగే అల్మారా ముందు స్టూలు వేసుకుని లెక్కకు కూర్చుంది. మూడో డబ్బాలో రెండు నత్తలు ఆకు మీద లేవు. అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి. మెత్తటి బ్రష్‌తో ఒకదాన్ని తాకింది. బతికున్న నత్తయితే తాకగానే లోపలికి ముడుచుకుంటుంది. అది ముడుచుకోలేదు. రెండోది కూడా అంతే.

 వాటిని ఒక మూతలో పెట్టుకుని మేడంకు చూపించడానికి మెట్లెక్కింది.

"ముసలివేమో" అంది మేడం, గుల్లల మీది అంకెలు చూసి. కానీ ఆ అంకెలు చెబుతున్నది వేరు. రెండూ నాలుగేళ్ళవే, ముసలి వయసు కాదు.

చచ్చిన నత్తను స్పిరిట్ సీసాలో వేసి, దాని మీద అంకె, తేదీ రాసి పెట్టాలి. ఆమె రెండు సీసాలు నింపింది. బుధవారం మూడు, గురువారం నాలుగు. శుక్రవారం నాటికి అన్ని డబ్బాల్లోనూ మొదలైంది. నీళ్ళు మార్చారు. వేడి చూపించే యంత్రాన్ని కొత్తది పెట్టారు. గోడకు ఈ మధ్య వేసిన రంగు వాసనేమోనని అల్మారాను పక్క గదిలోకి జరిపారు. నేల తుడిచే ఫినాయిల్‌ను కూడా బయట పారబోశారు. అయినా పొద్దున్నే తాళం తీసేసరికి డబ్బాల అడుగున రెండో మూడో వెల్లకిలా ఉండేవి.

శనివారం జూ నుంచి డాక్టరు వచ్చాడు. కుర్రవాడే కానీ ఓపికమంతుడు. చచ్చినవాటిని కోసి మైక్రోస్కోపులో చూసి, "లోపల ఏదో ఫంగస్ ఉన్నట్టుంది. ఇదే చంపుతోందా, చచ్చాక పట్టిందా అన్నది చెప్పలేను. ఫలితాలు రావడానికి రెండు వారాలు పడుతుంది" అన్నాడు.

"రెండు వారాలా?" అంది మేడం. "మాకు రెండు వారాలు లేవు డాక్టర్."

ఆ వారం ఆమె ఇంట్లో సరిగ్గా తిన్నది లేదు. కూర్చుంటే లెక్క, నిలబడితే లెక్క. నలభై రెండు. ముప్పై ఎనిమిది. ముప్పై మూడు. బస్సులో పక్కనున్నవాళ్ళు ఏదో అడిగితే ఉలిక్కిపడేది. ఎనిమిదో రోజుకు పెద్దవి పంతొమ్మిది మిగిలాయి. పిల్లలు మాత్రం ఆరుకు ఆరూ బతికే ఉన్నాయి.

అదే ఆమెకు మింగుడుపడలేదు. ఇరవై రెండేళ్ళలో ఏ కష్టమొచ్చినా ముందు పోయేవి పిల్లలే. ఇప్పుడు పెద్దవి పిట్టల్లా రాలుతుంటే పిల్లలు హాయిగా డబ్బా గోడలెక్కుతున్నాయి.

"డాక్టరుబాబూ, పిల్లలకేం కాలేదు, చూశారా?" అని అడిగింది.

"వాటి డబ్బా వేరు కదక్కా. రోగం ఇంకా అక్కడికి చేరలేదు. చేరుతుంది."

అతను చెప్పింది సబబుగానే ఉంది. అయినా ఆమె మనసు ఒప్పుకోలేదు. గట్టిగా వాదించడానికి తన దగ్గర ఏముంది? ఏడో తరగతి చదువు, ఒక బ్రష్షు.

ఆ మధ్యాహ్నమే డైరెక్టరుగారు గదికి వచ్చారు. స్పిరిట్ సీసాల వరుస చూసి, ముక్కు మీది కళ్ళజోడు సవరించుకుని, నెమ్మదిగా అన్నారు. "మేడం, తప్పుగా అనుకోకండి. ఎలాగూ పోయేటట్టున్నాయి. కుళ్ళిపోకముందే, బాగున్నప్పుడే మిగతావాటిని కూడా స్పిరిట్‌లో భద్రపరిస్తే, కనీసం మ్యూజియంకు మంచి నమూనాలు మిగులుతాయి కదా."

 నత్తలక్క చేతిలోని బ్రష్ కిందపడింది. పెద్ద మేడం గొంతు ఎత్తే మనిషి కాదు. ఆ రోజూ ఎత్తలేదు. "బతికున్నవాటిని నా చేత్తో సీసాలో వేయను సార్" అంది.

"అయితే ఏం చేస్తారు?"

మేడం డాక్టరు వైపు చూసింది. డాక్టరు ఒక మందుందని చెప్పాడు. ఫంగస్‌కు పనిచేస్తుంది. నీళ్ళలో కలిపి నత్తలన్నింటినీ పది నిమిషాలు అందులో ఉంచాలి. "రోగం అదే అయితే సగమైనా బతుకుతాయి. నీరసించినవి మాత్రం మందునే తట్టుకోలేకపోవచ్చు. రోగం అది కాకపోతే..." అని ఆగిపోయాడు. వేరే దారి లేదు. రేపు తొమ్మిదింటికి అనుకున్నారు. పిల్లలను కూడా.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకు ఆమె అలవాటు కొద్దీ సంచి పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. జామకొమ్మ వంచి నాలుగు ఆకులు కోసింది. ఐదో ఆకు కోయబోతూ ఆగింది. రోజూ ఈ కొమ్మ వంచితే ఎర్రచీమలు మోచేతిదాకా పాకి కుట్టేవి. దులుపుకుంటూ, తిట్టుకుంటూ కోసేది. ఈ వారం రోజులుగా నత్తల ధ్యాసలో గమనించనేలేదు. చీమ ఒక్కటి లేదు. మాను మీద వాటి బారు లేదు. ఆకులు కుట్టి కట్టుకున్న గూళ్ళు వాడి వేలాడుతున్నాయి.

"అత్తయ్యా, చెట్టు మీద చీమలేమయ్యాయి?"

వాకిట్లో కూర్చున్న అత్తగారు సంతోషంగా అంది. "పీడా వదిలింది. మావాడు మందు కొట్టాడుగా. నీకు చెప్పలేదా?"

భర్త ముఖం తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఎప్పుడు కొట్టారండీ?" అంది.

"మొన్న కాదు, అటుమొన్న ఆదివారం. నువ్వు బజారుకెళ్ళినప్పుడు. పది రోజులైందేమో. ఏం?"

ఆదివారం. మంగళవారం మొదటి రెండూ. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టలేదు, అవసరం లేకపోయింది. పిల్లల డబ్బాలో జామాకులు వేయరు. పిల్లలకు పెట్టేది ఎప్పుడో ఎండబెట్టి దంచి సీసాలో దాచిన ఆకుపొడి. అందుకే ఆరూ బతికున్నాయి.

ఆమె అక్కడే చెట్టు మొదట్లో కూలబడింది.

"ఏమైందే? మాట్లాడవేం?"

"ఆ ఆకులే నేను వాటికి పెడుతున్నది. రోజూ. ఆ మందు నా చేత్తో నేనే తినిపించాను."

అతనికి అర్థం కావడానికి క్షణం పట్టింది. "నాకేం తెలుసు?" అన్నాడు. "నీ చేతులెలా ఉన్నాయో చూసుకున్నావా? రోజూ దద్దుర్లే. చీమలు కుట్టి కుట్టి వాచిపోతుంటే చూడలేక కొట్టాను. ఆకులు దేనికి కోస్తున్నావో ఎప్పుడైనా చెప్పావా?"

నిజమే, చెప్పలేదు. నత్తల మాటెత్తితే ఇంట్లో నవ్వుతారని ఆమె చెప్పడం మానేసి ఏళ్ళయింది.

అతను గొంతు తగ్గించి అన్నాడు. "సరే, అయిందేదో అయింది. ఈ రోజునుంచి ఈ ఆకులు పట్టుకెళ్ళకు. ఎవరికీ చెప్పకు. ఇరవై ఏళ్ళ ఉద్యోగం. తెలిస్తే నిన్ను ఒక్క పూట ఉంచుతారా? రోగమనుకుంటున్నారు కదా, అనుకోనీ."

ఒక్క క్షణం ఆమెకు ఆ మాట చల్లగా తగిలింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆకులు ఆపేస్తే చావులూ ఆగిపోతాయి. అంతలో తొమ్మిదింటి మాట గుర్తొచ్చింది. విషంతో నీరసించిన నత్తలను తీసుకెళ్ళి మందునీళ్ళలో ముంచబోతున్నారు. బాగున్న పిల్లలను కూడా.

మేడంకు ఫోన్ చేసింది. కలవలేదు. మెట్ల కింద గదుల్లో సిగ్నల్ ఉండదు, మేడం అప్పటికే అక్కడికి వెళ్ళి ఉంటుంది. డాక్టరు నంబరు తన దగ్గర లేదు. ఆఫీసుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. తొమ్మిదిలోపు ఎత్తరు కూడా. కోసిన ఆకులు సంచిలో వేసుకుని, కాళ్ళకు చెప్పులు ఒకటి తనది, ఒకటి అత్తగారిది తొడుక్కుని, బస్సు కోసం పరిగెత్తింది.

బస్సు మూడు స్టాపులు సవ్యంగా నడిచి నాలుగురోడ్ల కూడలిలో నిలిచిపోయింది. ముందు లారీ ఏదో అడ్డం తిరిగింది. ఎనిమిదిన్నర. ఎనిమిదీ ముప్పావు. ఆమె ఇక ఆగలేక దిగిపోయి వాహనాల మధ్య నడవడం మొదలుపెట్టింది. చెప్పులు జారిపోతుంటే తీసి చేత్తో పట్టుకుంది. మ్యూజియం ఇంకా రెండు మైళ్ళు.

వెనకనుంచి స్కూటర్ హారన్ ఆగకుండా మోగింది. తిరిగి చూస్తే భర్త. డిపో చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు.

"ఎక్కు" అన్నాడు.

కాలిబాట మీద, సందుల్లో, ఒకచోట వన్‌వేకు ఎదురుగా పోనిచ్చాడు. మ్యూజియం గేటు దగ్గర ఆమె బండి ఆగకముందే దూకింది. గోడ గడియారంలో తొమ్మిదీ పది.

గదిలో బల్ల మీద తెల్లటి గిన్నెలో మందునీళ్ళు. డాక్టరు చేతులకు తొడుగులు. మొదటి డబ్బాలో మిగిలిన నాలుగూ అప్పటికే నీళ్ళలో ఉన్నాయి. మేడం చేతిలో పిల్లల డబ్బా, మూత తీసి ఉంది.

"ఆపండి" అని అరిచింది నత్తలక్క. ఆ గదిలో ఆమె అరవడం అదే మొదలు. "రోగం కాదు మేడం. నేనే. నా ఆకులు. మా చెట్టుకు మందు కొట్టారు. నాకు తెలియదు, ఇవాళే తెలిసింది. పది రోజులుగా ఆ ఆకులే పెడుతున్నాను."

మేడం పిల్లల డబ్బా మూత మెల్లగా పెట్టేసింది. డాక్టరు గిన్నెలోని నాలుగింటినీ బయటికి తీసి మంచినీళ్ళలో వేశాడు. ఆ తర్వాత అడిగాడు. "నిజమేనా అక్కా? ఇది తేల్చుకోవాలి. తేల్చుకోకుండా మందు ఆపితే, ఒకవేళ నా మాటే నిజమైతే అన్నీ పోతాయి."

ఆమె సంచి విప్పి ఆకులు బల్ల మీద పోసింది. బయటికెళ్ళి గోడవారన పాకుతున్న ఒక చీమను కాగితం మీదికి ఎక్కించి తెచ్చింది. డాక్టరు గాజు సీసాలో ఒక ఆకు వేసి, చీమను దాని మీదికి దులిపాడు. ముగ్గురూ వంగి చూశారు. చీమ ఆకు అంచు వెంబడి చురుగ్గా తిరిగింది. రెండు నిమిషాలు. మూడు. ఏమీ కాలేదు. తప్పు తనదే కావాలని ఆ క్షణంలో ఆమె కోరుకుంది. ఐదో నిమిషంలో చీమ నడక తడబడింది. ఒక పక్కకు ఒరిగింది. లేచింది. మళ్ళీ ఒరిగి, కాళ్ళు దగ్గరకు ముడుచుకుని పడిపోయింది.

డాక్టరు మందుగిన్నెను తీసుకెళ్ళి సింకులో ఒంపేశాడు.

ఆ రోజు డబ్బాలన్నీ వేడినీళ్ళతో కడిగారు. ఒక్కో నత్తనూ చల్లటి నీళ్ళ కింద, బ్రష్‌తో, గుల్ల మడతల్లోంచి కడిగారు. పెద్దవాటికి కూడా సీసాలో దాచిన ఆకుపొడి తడిపి పెట్టారు. మందునీళ్ళలో మునిగిన నాలుగూ సాయంత్రానికి పోయాయి. తర్వాతి మూడు రోజుల్లో ఇంకో నాలుగు పోయాయి. నాలుగో రోజు పొద్దున్న ఆమె స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టింది. పెద్దవి పదకొండు, పిల్లలు ఆరు. ఐదో రోజూ పదిహేడే. ఆరో రోజూ పదిహేడే. ఆరో రోజు ఆమె అల్మారా తలుపు మూసి, దానికి నుదురు ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చింది.

విచారణ జరిగింది. ఆకులు బయటినుంచి తెమ్మన్నది తనేనని, చెట్టు చుట్టూ ఏం జరుగుతోందో కనుక్కోకపోవడం తన పొరపాటేనని పెద్ద మేడం రాసిచ్చింది. అయినా డైరెక్టరుగారు నత్తలక్కను ఆ గదినుంచి తప్పించి టికెట్ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఉద్యోగం ఉంది, గది లేదు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. ముప్పై ఆరు సీసాలు ఆమె కళ్ళముందు ఎప్పుడూ ఉండేవి.

రోజూ మధ్యాహ్నం మేడం భోజనానికి వెళుతూ టికెట్ కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగేది. "పదిహేడు" అని వెళ్ళిపోయేది. రెండు నెలలపాటు అదే మాట. ఒక సోమవారం మాత్రం కిటికీలోంచి వంగి, "పద్దెనిమిది" అంది. క్యూలో ఉన్నవాళ్ళకు టికెట్లమ్మే ఆవిడ ఎందుకు కళ్ళు తుడుచుకుంటోందో అర్థం కాలేదు.

ఏడు నెలలకు ఆమెను మళ్ళీ గదికి పిలిచారు. క్షమించి కాదు. ఆమె చోట్లో వేసిన ఇద్దరు మనుషులూ భూతద్దంలో ఆవగింజలు వెతకలేక మానేశారు. ఆమె వచ్చి ముందు చేసిన పని, ఆవరణలో రెండు చెట్లకు కంచె కట్టించి, ఎవరూ కొమ్మ కొట్టకూడదని, ఏ మందూ చల్లకూడదని బోర్డు రాయించడం. ఇంటి జామచెట్టు ఆకులు ఇక తేలేదు.

మూడేళ్ళకు లెక్క మళ్ళీ నలభై దాటింది. అన్నీ ఒకే గదిలో ఉండడం ఎంత ప్రమాదమో అందరికీ తెలిసొచ్చింది కనుక, ఇంకో ఊళ్ళోని జూలో కొన్నింటిని పెంచాలని మేడం పట్టుబట్టి ఒప్పించింది. పన్నెండింటిని పంపాలి. రైల్లో ఏడు గంటలు. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి, అరగంటకోసారి తేమ చూడాలి. తీసుకెళ్ళే పని నత్తలక్కది, తోడుగా ఆమె భర్త సెలవు పెట్టి బయల్దేరాడు.

రైలు కదిలాక కిటికీలోంచి వేడిగాలి కొట్టింది. అతను లేచి కిటికీకి తన తువ్వాలు తడిపి కట్టాడు. ఆమె రెండుసార్లు తేమ చూడడం గమనించాడు. ఆ తర్వాత అడిగాడు.

"ఒకసారి చూడొచ్చా?"

పాతికేళ్ళలో అతను వాటిని చూడడానికి ఎప్పుడూ రాలేదు. ఆమె డబ్బా మీది తడిబట్ట ఒక పక్క ఎత్తింది. అతను కళ్ళు చికిలించి, ముక్కు మూతకు తగిలేంత దగ్గరగా వంగాడు. ఆకు అడుగున ఒక నత్త తలను కొద్దిగా చాచి, గీరుకుంటూ, వెంట్రుకవాసి వెంట్రుకవాసి చొప్పున ముందుకు కదులుతోంది.

"ఇంత చిన్నవా?" అన్నాడు.

"అవును. కాసేపు ఊపిరి అటు వదలండి. వేడి తగులుతుంది."

అతను ముఖం పక్కకు తిప్పి ఊపిరి వదిలి, మళ్ళీ వంగాడు. దారిపొడుగునా అరగంట కాగానే "టైమైంది, తేమ చూడు" అని అతనే గుర్తుచేశాడు. సాయంత్రం కొత్త జూలో మూత తీసి లెక్కపెట్టారు. పన్నెండుకు పన్నెండూ బతికే ఉన్నాయి.